ఏడో సంచిలో రాతిపువ్వు

కృప కుడి గుప్పిట్లో దొరికినదాన్ని పంచనామాలో "ఎండుటాకులు" అని రాశారు. రాసినవాడికి దాన్ని వాసన చూసే ఓపిక లేదు, కంటికి దగ్గరగా పెట్టుకునే ఓపిక అంతకన్నా లేదు. ముప్పయ్యేళ్లు వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. ఒక్క తేలిక మాటతో ఒక మనిషి బతుకును ఎలా ముగించేస్తారో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ ఎండుటాకులను పిల్ల తల్లి రూతమ్మ కాగితంలో చుట్టి ఐదు వారాలుగా బైబిల్లో దాచుకుంది. నెలగా ఈ కేసు వెనక తిరుగుతున్న నా చేతిలో నిన్న గద్వాలలో వాటిని పెడుతూ ఒకే మాట అంది.

"అక్కా, నా బిడ్డ దుంకలేదని ఒక్క కాయితం ఇప్పియ్యి. ఇంకేం అడగ."

ఆ కాగితం రావాలంటే రేపు పదకొండు గంటలకు ఆర్డీఓ గారి విచారణలో నేను ఏదో ఒకటి చూపించాలి. చూపించలేకపోతే ఫైలు మీద ఆత్మహత్య అని పడుతుంది. ఇక దాన్ని దేవుడు కూడా చెరపలేడు.

నేనుండే నాగర్‌కర్నూల్ నుంచి పొద్దుటి బస్సు పట్టుకుని, ఉదయం పది ఇరవైకి వనపర్తి కాలేజీలో తేజస్విని బల్ల ముందు కూర్చున్నాను. తేజస్విని బోటనీ లెక్చరర్. కృప ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఆమె దగ్గరే చేసింది. బల్ల మీద హైదరాబాదు నుంచి అరువు తెచ్చిన చిన్న పెట్టె ఉంది. పెట్టె పైన గుంట, పక్కన అంకెలు వెలిగే అద్దం.

"మొదటి నుంచి చెప్పు. రేపు ఆర్డీఓ గారికి నేను చెప్పాలె. నాకే అర్థం కాకపోతే ఆయనకేం జెప్త" అన్నాను.

తేజస్విని ఓపికగా చెప్పింది. రాతిపువ్వు అంటే మనం మసాలాలో వేసుకునేదే. నల్లమలలో రాళ్ల మీద, చెట్ల బెరడు మీద బూడిద రంగులో పెరుగుతుంది. దానికి వేరు లేదు. నీళ్లూ తిండీ అన్నీ గాలి నుంచే తీసుకుంటుంది కాబట్టి గాలిలో ఏముంటే అది దాని ఒంట్లో చేరుతుంది. పొగలో సన్నని ఇనుప నలుసులు ఉంటాయి. అవి చేరినకొద్దీ రాతిపువ్వు అయస్కాంతానికి స్పందించడం మొదలవుతుంది. ఎంత స్పందిస్తుందో ఈ పెట్టె అంకె వేసి చెబుతుంది. అంకె పెద్దదైతే అక్కడి గాలి అంత చెడ్డదని లెక్క.

కృప అచ్చంపేట అవతల అడవి నుంచి రాతిపువ్వు తెచ్చి, దోమతెర గుడ్డతో పన్నెండు చిన్న సంచులు కుట్టి, నవంబరు ఆరున గద్వాల నిండా వేలాడదీసింది. మూడు నెలలకు, అంటే ఫిబ్రవరి ఆరున, విప్పుకోవాలి. ఆ ఫిబ్రవరి ఆరు పొద్దున్నే, ఏడో సంచి ఉన్న నీళ్ల ట్యాంకు మీద నుంచి పడి చనిపోయింది.

"అడవిలోంచి తెచ్చి ఇక్కడే ఉంచింది ఎనిమిది చూపిస్తుంది మేడం. బస్టాండు సంచి తొంభై ఆరు. కార్ఖానా చుట్టూ ఉన్నవి మూడు, ఐదు, ఏడు నంబర్లు. అవేమో ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ముప్పై మూడు."

"అంటే ఇనుము కరిగించే కార్ఖానా గోడ కన్నా బస్టాండు పాడుగుంది."

"కొలతల కాగితం ప్రకారం అంతే. మహిపాల్ గారు ఆ కాగితమే జిరాక్సులు తీయించి అందరికీ పంచుతున్నారు."

మహిపాల్ ఒకప్పుడు పోలీసు శాఖలో నాకు పైవాడు. ఇప్పుడు ఆ కార్ఖానాకు సెక్యూరిటీ ఆఫీసరు. మనిషి మారలేదు, జీతమిచ్చేవాడు మారాడు.

నేను బైబిల్లోని పొట్లం విప్పాను. తేజస్విని చిన్న పట్టకారుతో చిటికెడు తీసి తూకం వేసి గుంటలో పెట్టింది. అంకె పైకి పాకి ఆగింది. రెండు వందల అరవై.

ఆమె ఇంకో చిటికెడు తూకం వేసి మళ్లీ పెట్టింది, అదే అంకె. నాకు నెల తర్వాత మొదటిసారి ఊపిరాడింది.

"ఇది ఏడో సంచిలోని అసలు రాతిపువ్వు. మూడు నెలలు పొగ తాగిన సరుకు. పడేటప్పుడు పిల్ల చేతిలో ఇదే ఉంది. మరి సంచి ఎవరు తెచ్చిండ్రు?" అని అడిగాను.

"మర్నాడు నేనే పోయి విప్పుకొచ్చాను మేడం. కొక్కేనికి వేలాడుతోంది. నిండుగా, మూతి ముడేసి."

"పడిపోయే మనిషి సంచి నింపి ముడేసి పడదు. ఆమె పడ్డంక ఇంకొకరెవరో కొత్త సరుకు పోసి కట్టిండ్రు. పైన రెండో మనిషి ఉన్నడు."

తేజస్విని పాలిథిన్ కవరు విప్పింది. ఏడో సంచి నా ముందుకు జరిపింది. దాన్ని తెల్లకాగితం మీద దులపమన్నాను. కాగితం కింద అయస్కాంతం ఆడిస్తే మిరియపు పొట్టు అంతేసి నల్లటి రేకులు లేచి నిలబడ్డాయి. దులిపాక అదే సరుకు మళ్లీ కొలిస్తే ముప్పై మూడు కాస్తా తొమ్మిదికి దిగింది. మూడు, ఐదు సంచులదీ అదే కథ. బస్టాండు సంచి ఎంత దులిపినా తొంభై నాలుగు దగ్గరే ఉంది.

"పొగ నలుసు పిండి లాంటిది మేడం. ఒంట్లోకి దిగితే దులిపినా రాదు. ఇవి పైపైన అంటిన పొట్టు. కొలిమి దగ్గర రాలేది. ఎవరి జేబులోనో తువ్వాలలోనో ఉండి అంటుకొచ్చింది."

అంటే మార్చినవాడు ఆఫీసు కుర్చీలో కూర్చునేవాడు కాదు, కొలిమి షెడ్డులో పనిచేసేవాడు. సంచిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నాళ్లు పాలిథిన్ కవరులో బిగించి ఉండబట్టి వాసన పోలేదు. లవంగాలు, దాల్చినచెక్క. వాటి కింద ఘాటుగా ఇంకేదో మందు వాసన. ఎక్కడో బాగా ఎరిగిన వాసనే గాని పేరు తట్టలేదు.

అడవిలో పెరిగిన రాతిపువ్వుకు లవంగాల వాసన రాదు. ఎవరో కిరాణా సరుకు పోశారు. రాతిపువ్వంటే రాతిపువ్వే కదా, ఏదైతేనేం అనుకున్నాడు పాపం. చదువుకున్న దొంగైతే అచ్చంపేట దాకా పోయేవాడు.

ఏడో సంచిని కవరుతో సహా తీసుకుని లేవబోతుంటే తేజస్విని కృప నోటుబుక్కు తెరిచింది. "ఒక్కటి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు మేడం. పన్నెండో సంచి వాళ్ల ఇంటి దగ్గరిది. కార్ఖానాకు నాలుగు కిలోమీటర్లు. పొగ అటు పోనే పోదు. దాని అంకె నాలుగు వందల పన్నెండు. అన్నిటికన్నా ఎక్కువ. జనవరిలో చిటికెడు తెచ్చి రెండుసార్లు కొలిచింది."

ఆ అంకె కింద పెన్సిలుతో కృప రాసుకుంది: ఇది గాలి కాదు.

మధ్యాహ్నం ఒంటిగంట పదికి గద్వాలలో ట్యాంకు దగ్గర దిగాను. కార్ఖానా క్వార్టర్లకు కట్టి వాడకుండా వదిలేసిన ట్యాంకు అది. మహిపాల్ అప్పటికే జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. నేను వనపర్తిలో బస్సు ఎక్కిన సంగతి ఇతనికి ఎవరు చెప్పారో అడగలేదు. అడిగితే సంతోషిస్తాడు.

"జానకమ్మక్కా, రిటైరైనంక మనుమరాండ్లను ఆడిపిచ్చుకుంట ఇంటిపట్టున ఉండాలె. గీ నిచ్చెన్లు ఎక్కుడేంది?"

"నాకు మనుమరాండ్లు లేరు. అందుకే ఎక్కుతున్న."

మెట్లు మూడు వరసలు. మొదటి రెండూ మామూలు ఇనుప మెట్లు. మూడోది నిలువు నిచ్చెన, కడ్డీలు వేలంత మందం. రెండో వరస చివర ఆగాను. కృప చెప్పులు దొరికింది ఇక్కడే. పక్కపక్కన విడిచి ఉన్నాయి. చెరువు గట్టున చెప్పులు విడిచిపెట్టి దూకేవాళ్లను చూసీ చూసీ, చెప్పులు కనబడితే చాలు, పంచనామా రాసేవాళ్ల కలం ఒకే మాట రాస్తుంది.

నా చెప్పులు కూడా అక్కడే విడిచి కిందికి కేకేశాను.

"చూస్తున్నవా మహిపాల్? నేను గూడ చావనీకి పోతున్ననా? గీ కడ్డీల మీద చెప్పులతోని ఎక్కితే జారి పడ్తరు. సంచి కట్టిననాడు గూడ పిల్ల ఇక్కడ్నే విడిచిందంట, వాళ్ల మేడం పక్కనే ఉంది. చెప్పులు విడిచినంత మాత్రాన చావనీకి పోయినట్టు గాదు."

"గా మాట రేపు ఆర్డీఓ సార్‌కు జెప్పుండ్రి."

పైన అరుగు మంచమంత ఉంది. కొక్కెం గోడకు నా తలెత్తులో ఉంది. దానికి ఎదురుగా కమ్మీ ఒకచోట తెగి బయటికి వంగింది. తుప్పు పట్టిన అతుకు. నడుము ఎత్తులో గట్టిగా ఆనితే చాలు, ఊడుతుంది. దూకేవాళ్లు కమ్మీ ఎక్కుతారు. నడుముతో దాన్ని విరవరు.

మూలకు వంగి అయస్కాంతం ఆడించాను. ఐదు వారాలుగా వాన లేదు. నల్లటి రేకులు నాలుగైదు టక్కున అంటుకున్నాయి. పొద్దున తెల్లకాగితం మీద లేచి నిలబడినవే. కొలిమి షెడ్డు మనిషి నిలబడింది ఇక్కడే.

కిందికి దిగేసరికి మహిపాల్ ఒక జిరాక్సు కాగితం చాచాడు.

"గేటు రిజిస్టరు. ఆరో తారీఖు పొద్దుగాల మా ఆఫీసు మనిషి ఒక్కడు గూడ గేటు దాటలే."

"ఆఫీసు మనిషని నేను అన్ననా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు. ఒక్క క్షణం తడబడి, అంతలోనే నవ్వాడు. నేను కాగితం చదివాను. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు అరవై రెండు మంది. ఆరు గంటల నుంచి ఆరు పది లోపల అందరూ బయటికి వచ్చారు. నలభై ఒకటో పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. పాల్, కొలిమి షెడ్డు, ఆరూ అయిదు.

పాల్ కృప తండ్రి. అతను ఆ కార్ఖానాలో పనిచేస్తాడని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. అరవై రెండు పేర్లలో అదీ ఒకటే అనుకోవాలని మనసు మొండికేసింది. బుద్ధి ఒప్పుకోలేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. మీరు పట్టెటట్టున్నరు" అన్నాడు మహిపాల్ మెల్లగా. "రేపు సంచులు మారినయని మీరు జెప్పుండ్రి. మార్చినోని పేరు నేను జెప్త. జీతం పోతదన్న భయంతోని వాడు మార్చిండు, అడ్డమొచ్చిన బిడ్డను నూకిండు అని జెప్త. మాకేం సంబంధం? జెప్పకుంటె పిల్ల తనంతట తను దుంకింది. గాలి మంచిగుంది. ఏది మంచిదో మీ రూతమ్మను అడిగి సూడుండ్రి."

"సంచులు మార్చమన్నది నువ్వు గద."

"సాక్ష్యమేంది?"

సాక్ష్యం లేదు. నా జన్మలో ఇంత ఒళ్లు మండిన రోజు లేదు, ఇంత చేతకాని రోజూ లేదు. జీపు పోయేదాకా అక్కడే నిలబడి, చెప్పులు పైనే మరిచానని గుర్తొచ్చి మళ్లీ ఎక్కాను.

నాలుగు గంటలకు రూతమ్మ ఇంటికి చేరాను. రెండు గదుల రేకుల ఇల్లు, వెనక చిన్న పెరడు. ఆమె నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసింది. కూలికి పోవడం మానేసి నెలైంది. నా చేతిసంచిలో పైకి కనబడుతున్న పాలిథిన్ కవరు చూసింది.

"గది నా బిడ్డ కట్టిన సంచేనా అక్కా?"

"ఆ. ఏడోది."

"ఒక్కసారి చేతికియ్యి. మా పిల్ల ఆఖరుకు పట్టుకున్నది గదే గద."

ఇచ్చేశాను. సాక్ష్యాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదని ముప్పయ్యేళ్లు కుర్రవాళ్లకు పాఠం చెప్పినదాన్ని, తల్లి అడిగితే ఆలోచించకుండా ఇచ్చాను. ఆమె కవరు విప్పకుండానే ఒడిలో పెట్టుకుంది.

లోపలి గదిలో పాల్ దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఒక పట్టాన ఆగేది కాదు. రూతమ్మ లేచి గ్లాసులో వేడినీళ్లు పోసి, చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు వేసింది. గది నిండా ఆ వాసన పాకింది. జిందా తిలిస్మాత్. పాలమూరులో ఈ సీసా లేని ఇల్లు లేదు. పొద్దుటి నుంచి నా ముక్కులో పేరు లేకుండా తిరుగుతున్న వాసన అదే.

ఊరికే అడిగినట్టు అడిగాను. "మందు ఎక్కడ పెడ్తవు రూతమ్మా?"

"మసాల డబ్బల్నే పెడ్తుంటి. క్రిస్మస్ అప్పుడు మూత ఊడి సగం ఒలికింది. గా డబ్బ ఇప్పటికి గదే వాసన." ఆమె మసాలా డబ్బా తీసి చూపింది. "ఆదివారం బిడ్డ నలబై దినాల ప్రార్థన కూటమి ఉంది. దుంకలేదని కాయితం రాకుంటె రామని సంఘం పెద్దలంటుండ్రు. వస్తరనే కూర సామాను సూసుకుంటి. పండుగకు పావుకిల రాతిపువ్వు తెస్తిమి, సగం గూడ వాడలే. ఇప్పుడు సూస్తె పొట్టు గూడ లేదు. పిల్ల సదువుకని తీస్కపొయ్యిందేమో."

"అయ్యుంటది" అన్నాను.

పాల్ తువ్వాలతో మూతి తుడుచుకుంటూ పెరట్లోకి పోయాడు. నేనూ వెనకే పోయాను. బట్టలుతికే బండ దగ్గర అతని కొలిమి చొక్కా దండెం మీద వేలాడుతోంది. దండెం గుంజకే ఒక మేకు, మేకుకు తెల్ల దారం ముక్క. పన్నెండో సంచి కట్టింది అక్కడే. రోజూ పొద్దున ఇతను ఆ చొక్కా దులిపేది ఆ సంచికి జానెడు దూరంలో. నాలుగు వందల పన్నెండు. ఇది గాలి కాదు.

గొంతు తగ్గించి అడిగాను. "పాల్, ఆ దినం షిఫ్టు ఎన్నింటికి దిగినవు?"

"ఆరింటికమ్మా."

"గేటు దాటింది ఆరూ అయిదుకు. సైకిలు మీద ఇల్లు ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"నువ్వు ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటిందని రూతమ్మ మొదటిరోజే నాతోటి అన్నది. మధ్యల రెండు గంటలు ఏడున్నవు?"

"చాయ్ తాగిన."

"రెండు గంటలు?"

అతను బండ మీద కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి డెబ్భై ఏళ్లవాడిలా ఉన్నాడు. చాలాసేపు తువ్వాల మడతలు సర్దుకున్నాడు.

"మహిపాల్ సారు పిలిపిచ్చిండు. మూడో తారీఖు. నీ బిడ్డ పొట్లాలు కట్టి మా గేటుకు తాళమేపిస్తుంది, అరవై ఇండ్ల పొయ్యిలు ఆర్పుతుంది అన్నడు. గా మూడు పొట్లాలల్ల వేరేది పొయ్యి, దానికేం కాదు, నీకేం కాదు అన్నడు. మా వాడ పిల్లలందరు గా జీతం మీదనే బతుకుతుండ్రమ్మా. ఇంట్ల రాతిపువ్వు ఉండె. నాలుగున ఒకటి మార్చిన, అయిదున ఒకటి మార్చిన."

"ఆరున ట్యాంకు ఎక్కినవు."

"ఎక్కిన. కొత్తది పొయ్యనీకి పాతది తీస్తున్న. బిడ్డ పైకొచ్చింది. ఇంట్ల మాట్లాడనీకి మాకు సందు దొరకకపాయె. అది బస్సు దిగేసరికి నేను డ్యూటీకి పోతి, నేనొచ్చేసరికి అది బస్సెక్కె. అయిదో తారీఖు సాయంత్రం కార్ఖానా గోడ కాడి సంచి వాసన సూసి గుర్తుపట్టిందంట. మిగిలింది ఏడోదే, గా కాడికి నేనొస్తనని తెలుసు దానికి."

"పోలీసులకు పట్టిస్తనన్నదా?"

"లేదమ్మా." అతను మొహం ఎత్తాడు. కళ్లలో నీళ్లు లేవు. అవి ఎప్పుడో అయిపోయాయి. "నాయినా, కార్ఖాన మాట ఇడువు, ఇంటి కాడి సంచి సూసినవా అన్నది. నీ అంగి దులిపిన కాడనే గింత ఇనుముంటె నీ గుండెలకు ఎంత పొయ్యిందో, నేను గిదంత మొదలుపెట్టింది నీ దగ్గు కోసమే, దవాఖానకు పోదాం పా అన్నది. నాకు గదేది తలకెక్కలే. సంచిల పాతది దాని పిడికిట్ల ఉంది. గదింత నా చేతికియ్యి బిడ్డా, మహిపాల్ సారు అడుగుతడు అన్న. ఇయ్యనన్నది. గుంజిన. గా కమ్మీకి ఆనింది. ఇరిగింది. నా చేతుల ఉత్త సంచి మిగిలింది."

ఎంతమందిని అడిగానో ఈ ప్రశ్నలు, ఎన్ని వేళ్ల ముద్రలు తీశానో. ఈ జవాబు ఒక్కటీ వినకుండా చచ్చిపోయుంటే బాగుండుననిపించింది.

"కిందికి దిగి సూసిన. పానం లేదు. మల్ల పైకెక్కిన."

"ఎందుకు?"

"సంచి నింపి కట్టిన. ఎందుకో తెల్వదమ్మా. చెప్పిన పని చెయ్యకుంటె ఎట్ల అనిపిచ్చింది. ముప్పై ఏండ్లు చెప్పిన పని చేసుడే తెలుసు నాకు."

దగ్గు ఆగాక అతనే అన్నాడు.

"రేపు ఏం జెప్తవమ్మా?"

"నువ్వే చెప్పు. మహిపాల్ పిలిపిచ్చిన మాట, కమ్మీ ఇరిగిన మాట, అంతా. నువ్వు నూకలే, అది పడింది. నేను పక్కనే ఉంట."

"గప్పుడు రూతమ్మకు తెలుస్తది."

"తెలుస్తది."

"బిడ్డ దుంకిందంటె ఏడుస్తది, గని బతుకుతది. నేను ఉండంగ పోయిందంటె అది బతుకది."

కొద్దిసేపు ఆలోచించుకోనివ్వమని చెప్పి లోపలికి వచ్చాను. సంచి చేతికివ్వడం మొదటిదైతే, ఆ నాలుగు నిమిషాలు అతన్ని ఒక్కణ్ని వదలడం నా రెండో తప్పు.

రూతమ్మ వంటింటి గడప మీద కూర్చుంది. కవరు విప్పి ఉంది. ఒడిలో ఒక పక్క ఏడో సంచి, ఒక పక్క మూత తీసిన మసాలా డబ్బా. ఒకసారి ఇది ముక్కు దగ్గర పెట్టుకుంటోంది, ఒకసారి అది. నన్ను చూసి ఆపింది.

"బిడ్డ చేతి వాసన ఏమన్న ఉంటదేమోనని విప్పిన అక్కా. దాని వాసన లేదు. నా డబ్బ వాసనుంది."

"రూతమ్మా..."

"గా దినం ఆయన వచ్చినప్పుడు నీళ్లు తోడిచ్చిన. అంగి బొగ్గులెక్క ఉంటే నేనే పిండిన. చేతులు గడగడ వణుకుతుండె. షిఫ్టుల అలిసిండనుకున్న." ఆమె గొంతు పెరగలేదు, ఏడుపు రాలేదు. డబ్బా మూత నెమ్మదిగా బిగించింది. "నా బిడ్డ దుంకలేదు గద?"

"దుంకలే. నీ మొగుడు నూకను గూడ లేదు. పెనుగులాటల కమ్మీ ఇరిగింది."

"రేపు గదే రాపియ్యి. ఎవలెవలున్నరో అందరి పేర్లు రాపియ్యి. సార్ పేరు, ఈన పేరు. నేను గూడ వస్త. కాయితం ఇప్పిస్తనన్నవు గద, ఇప్పియ్యి." డబ్బా గడప మీద పెట్టింది. "ఈనను పిలువు. నా ముంగట చెప్పమను."

మహిపాల్ బెదిరింపు ఆ క్షణంలో గాలికి పోయింది. దేనితో అతను మా నోరు నొక్కాలనుకున్నాడో ఆ నిజం రూతమ్మ ఒడిలోనే ఉంది. ఇక పాల్ నోరు విప్పితే సాక్ష్యం కూడా దొరికినట్టే. నాకు పాల్ కావాలి. రేపు పదకొండు దాకా అతను బతికి ఉండాలి.

పెరట్లోకి పోయాను. కొలిమి చొక్కా దండెం మీద అలాగే ఉంది. గోడకు ఆనించిన సైకిలు లేదు. వెనక తడిక తీసి ఉంది.

బట్టల బండ పక్కన పాల్ చెప్పులు రెండూ పక్కపక్కన విడిచి ఉన్నాయి.

చెప్పులు విడిచినంత మాత్రాన చావడానికి పోయినట్టు కాదని మధ్యాహ్నం మహిపాల్‌తో వాదించింది నేనే. టైము చూశాను. అయిదింటికి పది తక్కువ. ట్యాంకు సైకిలు మీద ఇరవై నిమిషాలు. రూతమ్మ నా భుజం మీదుగా ఆ చెప్పులను చూసింది. ఆటో కోసం ఇద్దరం వీధిలోకి పరుగెత్తాం.